మామయ్య కాలికి చెమట పట్టదు

ఆ ల్యాబులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. చేరిన మొదటి వారంలోనే, ఒక చిన్న మర బిగించే ముందు చేతులు రెండుసార్లు తుడుచుకుని, మరను వెలుతురులో పెట్టి చూసి, మళ్లీ ఓసారి తుడుచుకోవడం గమనించిన సీనియరొకడు "ఈవిడ నిదానం చూస్తుంటే నాకు నిద్రొస్తోందిరా" అన్నాడు. అతను డాక్టరేటు పుచ్చుకుని వెళ్లిపోయాడు. నిదానం అన్న పేరు మాత్రం ఆమెకు ఉండిపోయింది.

ఆమె ఏం చదువుతోందో చుట్టాలకు చెప్పడం ఓ పెద్ద తంతు. మనిషి ఒంటికి పనికొచ్చే యంత్రాల మీద పరిశోధన అంటే, "అంటే డాక్టరువేగా" అని మోకాలి ఎక్స్‌రేలు తెచ్చి ముందు పెట్టేవారు. డాక్టర్ని కాదంటే, "మరిన్నేళ్లు ఏం చదువుతున్నావే తల్లీ" అని బుగ్గలు నొక్కుకునేవారు. చివరికి పెద్దత్తయ్య ఒకరోజు పదిమందిలో తేల్చిపారేసింది: "ఇది డాక్టరే గానీ మందులు రాయదు. ఇంజినీరే గానీ ఇల్లు కట్టదు. అంతే, అడక్కండి."

అమ్మ ఆ మాటకు పడీపడీ నవ్వింది. అమ్మ సిటీ బస్సులో కండక్టరు. ముప్ఫై ఏళ్లుగా నిలబడి చేసిన ఉద్యోగం కాబట్టి, కాళ్ల మీద కూతురు చేసే పనేదో తనకు సగమైనా తెలుసని ఆవిడ ధీమా.

ల్యాబు కాలేజీ పాత భవనంలో అడుగు అంతస్తు. ఒకప్పుడు రసాయనాల గోదాం. కిటికీలు లేవు. ఏసీ ఎప్పుడూ ఇరవై రెండు మీదే ఉండేది, దాని మీట విరిగిపోయి మూడేళ్లయింది. పక్క బల్ల దగ్గర ఆమె బ్యాచ్‌వాడే ఒకడు గుండె కండరపు కణాలను చిన్నచిన్న గాజు పళ్లాల్లో పెంచేవాడు. సోమవారం నాడు వాటిని చూసి "శుక్రవారానికి పోతాయి" అనేవాడు. చాలాసార్లు పోయేవి కూడా. అందుకని అతనికి జోస్యుడని పేరు పడింది.

ఆ ల్యాబులో మూడో మనిషి మామయ్య. మనిషంటే మనిషి కాదు, ప్లాస్టరుతో పోతపోసిన కాలు. మోకాలి కింద జానెడు దాకా ఉండి అక్కడితో ఆగిపోతుంది. ఒక ఇనుప కడ్డీకి బిగించి ఉంటుంది. మోటారు వేస్తే మనిషి అడుగు వేసినట్టే కిందికి తొక్కుతుంది, రోజుకు పదివేల సార్లయినా తొక్కుతుంది. ఎంత తొక్కించినా అలగదు, ఎదురు చెప్పదు. ఇంటికొచ్చిన పెద్ద మామగారికి చేసినట్టు అందరూ దానికి సేవలు చేయాల్సి రావడంతో ఆ పేరు పెట్టారు.

నిదానం చేసే పని ఇదీ. మోకాలి కింద కాలు పోయినవాళ్లు పెట్టుడు కాలు వేసుకుంటే, మిగిలిన కాలు ఒక గట్టి గిన్నెలాంటి దాంట్లో కూర్చుంటుంది. దాన్ని సాకెట్ అంటారు. ఒంటి బరువంతా అక్కడే పడుతుంది. ఎక్కడైనా ఒకచోట ఒత్తిడి ఎక్కువైతే చర్మం కమిలిపోయి పుండవుతుంది. పుండు మానేదాకా కాలు వేసుకోకూడదు కాబట్టి ఆ మనిషి బతుకు మంచం దగ్గరే ఆగిపోతుంది. పుండు పడకముందే హెచ్చరించే సెన్సర్ చెయ్యాలని ఆమె తపన. తపాలా బిళ్లంత పలచటి పొర ఒకటి తయారుచేసింది. అలాంటివి ఎనిమిది, సాకెట్‌కీ కాలికీ మధ్య వేసుకునే మెత్తటి తొడుగులో అతికిస్తే ఫోనులో కాలు బొమ్మ కనిపిస్తుంది. ఒత్తిడి తక్కువుంటే ఆకుపచ్చ, పెరిగితే పసుపు, మితిమీరితే ఎరుపు.

మామయ్య మీద మూడేళ్లు పరీక్షించింది. లెక్కలు గీత గీసినట్టు వచ్చాయి. వ్యాసం రాసి పంపిస్తే పేరున్న పత్రికవాళ్లు అచ్చు వేస్తామని ఉత్తరం రాశారు. ఆ రోజు గైడు గారు స్వయంగా కిందికి దిగివచ్చి, "ఇంక మనుషుల మీద పరీక్షలు కానిచ్చేస్తే ఆర్నెల్లలో నువ్వు డాక్టరువి" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం ల్యాబులో ఎవరూ ఎరగని సంగతి. జోస్యుడు కూడా పళ్లాల మీంచి తలెత్తి చూశాడు.

పరీక్షకు ఒప్పుకుని వచ్చిన మొదటి మనిషి టైలరు. నలభై దాటిన ఆవిడ. ఏడేళ్ల కిందట వానలో గోడ కూలి మీద పడితే ఎడమ కాలు పోయింది. ఒక్క కాలితోనే మిషను తొక్కుతూ స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ల్యాబులోకి రాగానే కుర్చీలో కూర్చోకుండా ముందు నిదానం చేతిలోని తొడుగు తీసుకుని తిరగేసి చూసింది.

"ఈ అంచు ఎవరు కుట్టారమ్మాయ్?"

"నేనే అక్కా."

"అదే అనుకున్నా. కుట్టు పాములా పోయింది. మిషనే సిగ్గుపడాల్సిన కుట్టు ఇది."

నిదానం సిగ్గుపడింది. టైలరక్క నవ్వి, సూదీదారం అడిగి తీసుకుని, అక్కడే కూర్చుని అంచంతా మళ్లీ కుట్టింది. ఆ తర్వాత నడిచి చూపించింది. ఇరవై నిమిషాలు. ఫోనులో కాలంతా ఆకుపచ్చగానే ఉంది. వారం రోజులు ఇంటికి తీసుకెళ్లి, పగలంతా తియ్యకుండా వాడి చూడమని నిదానం ఇచ్చి పంపింది.

తరువాతి మంగళవారం టైలరక్క వచ్చి తొడుగు బల్లమీద పెట్టింది.

"పొద్దున బానే ఉంటుంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ముందు ఎముక దగ్గర మంట పుడుతోంది. మీ ఫోను చూస్తేనేమో పచ్చగా తోటలా ఉంది."

నిదానం లెక్కలు తీసి చూసింది. మూడు గంటలప్పుడు ఒత్తిడి తక్కువే ఉంది. ఇంకా చెప్పాలంటే, పొద్దుటికంటే తక్కువ.

"ఒత్తిడి లేదక్కా. చూడండి, ఇక్కడ గీత కూడా కిందికే పోయింది. కొత్త తొడుగు కదా, అలవాటయ్యేదాకా అలా అనిపిస్తుందేమో."

"ఫోనుకి కాలుందా అమ్మాయ్? మంట నాకు కదా తెలిసేది."

"రాసుకుంటానక్కా," అంది నిదానం. నిజంగానే రాసుకుంది. పుస్తకంలో చివరి గడిలో, చిన్న అక్షరాలతో: అసౌకర్యం ఉన్నట్టు చెప్పారు, సెన్సర్ ప్రకారం ఏమీ లేదు. తొడుగు మళ్లీ ఇచ్చి పంపింది.

ఆ మరుసటి మంగళవారం టైలరక్క చంకకర్రల మీద వచ్చింది. పెట్టుడు కాలు ఒక సంచిలో ఉంది. ముందు ఎముక మీద రూపాయి బిళ్లంత మేర తోలు లేచి ఎర్రగా ఉంది.

నిదానం చెయ్యవలసినవన్నీ చేసింది. డాక్టరును పిలిచింది, పరీక్ష ఆపేసింది, మనుషుల మీద పరీక్షలకు అనుమతిచ్చే సంఘానికి అదే రోజు తెలియజేసింది. మూడు వారాలు కాలు వేసుకోకూడదని డాక్టరు చెప్పాడు. అది స్కూళ్లు తెరిచే నెల. టైలరక్క తల ఊపింది. సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నిదానానికి.

నాలుగు రోజులు ఫోనులో లెక్కలు తిరగేసింది. తప్పెక్కడా దొరకలేదు. ఐదో రోజు మధ్యాహ్నం, తొడుగు ఎక్కడ వాడారో చూద్దామని టైలరక్క కొట్టు వెతుక్కుంటూ వెళ్లింది.

రెండు కొట్ల మధ్య ఇరికించినట్టున్న గది. పైన రేకు. లోపల అడుగు పెట్టగానే ముఖానికి ఆవిరి కొట్టింది. మూలన ఇస్త్రీపెట్టె, కిటికీ వైపు మిషను, నడుమ నీలిరంగు బట్టల గుట్ట. టైలరక్క చంకకర్రలు గోడకానించి, ఒక స్టూలు మీద కూర్చుని గుండీలు కుడుతోంది. నిదానాన్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"కూర్చో. కూర్చోడానికి చోటుంటే."

నిదానం బట్టల కట్ట మీదే కూర్చుంది. పది నిమిషాల్లో వీపంతా తడిసింది. ఆమె చూపు గోడకు వేలాడుతున్న పాత తొడుగు మీద పడింది.

"ఇలాంటి మధ్యాహ్నాలు ఎలా గడుపుతారక్కా?"

"గంటకోసారి తీసి తొడుగు పిండుకుంటా. మీరిచ్చింది తియ్యొద్దన్నారుగా, తియ్యలేదు. సాయంత్రం విప్పితే నీళ్లు కారాయి."

"నీళ్లా?"

"చెమటమ్మా. కాలికి చెమట పట్టదా ఏంటి?"

నిదానం తడిసిన వీపు తడుముకుంది. మామయ్య కాలికి చెమట పట్టదు. మూడేళ్లలో ఒక్కసారి కూడా పట్టలేదు.

ఆ సాయంత్రమే ల్యాబుకు పోయి ఉప్పునీళ్లు కలిపి, ఒంటి వేడికి కాచి, గుడ్డ తడిపి మామయ్యకు చుట్టి మోటారు వేసింది. మొదటి గంట ఏమీ కాలేదు. రెండో గంటలో గీత కిందికి జారడం మొదలైంది. సెన్సర్ పొరల మధ్యకు తడి దూరి, ఉన్న ఒత్తిడిలో దాదాపు సగమే చూపిస్తోంది. ఎరుపు రావలసిన చోట ఆకుపచ్చ వస్తోంది. జోస్యుడు తన పళ్లాలు వదిలేసి వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఇంకోసారి చేసి చూడు," అన్నాడు.

ఇంకోసారి చేసింది. వారమంతా కొత్త సెన్సర్లతో ఐదుసార్లు చేసింది. ఐదుసార్లూ అదే. మూడేళ్ల లెక్కలు, అచ్చుకు పోతున్న వ్యాసం, అన్నీ చల్లటి పొడి గదికి మాత్రమే చెల్లుతాయి. చల్లటి పొడి గదిలో కూర్చునేవాళ్లకు పుళ్లు ఎటూ పడవు.

గైడు గారు కాగితాలన్నీ చూసి చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయన చెడ్డవారేం కాదు. ఆ ల్యాబుకు నిధులు పొడిగించాలా వద్దా అని తేల్చే సమావేశం వచ్చే నెలలో ఉంది.

"ప్రతి పరికరానికీ కొన్ని పరిమితులుంటాయి. వ్యాసం చివర ఒక పేరా చేర్చు. తేమ ఉన్నప్పుడు మరింత పరిశోధన అవసరం అని. థీసిస్ కానిచ్చేయ్. మిగతాది తర్వాత వచ్చేవాళ్లు చూసుకుంటారు."

"సార్, ఆవిడకి పుండు పడింది."

"తెలుసు. అందుకే పరిమితులు అంటున్నా."

ఆమె వెళ్లి ఆ పేరా రాసింది. నాలుగు వాక్యాలు. చదివితే ఎంతో హుందాగా ఉంది, ఎవరూ వేలెత్తి చూపలేరు. దాన్ని మూడుసార్లు చదివి మూసేసింది. అమ్మకు ఫోను చేసింది. అమ్మ డిపోలో డ్యూటీ దిగుతోంది.

మొత్తం విని అమ్మ అడిగింది: "పాపం ఆవిడ ముందే చెప్పిందా, మంటగా ఉందని?"

"చెప్పింది."

"నువ్వేం చేశావు?"

"రాసుకున్నా."

అమ్మ వెనక బస్సుల చప్పుడు వినిపిస్తోంది. "బస్సెక్కినవాళ్లు నాతో అంటుంటారు, ఆగమ్మా, నా స్టాపు దాటిపోయిందీ అని. ఒక్కోడు మాత్రం దాటిపోయిందని తెలిసీ దిగడు. నలుగురూ నవ్వుతారని. అట్టే కూర్చుంటాడు డిపో దాకా. వాణ్ణి చూస్తే నాకు జాలేస్తుందే."

"దిగితే ఇంకో ఏడాదిన్నర పడుతుందమ్మా."

"పట్టనీ. నిన్ను అందరూ ఏమని పిలుస్తారు మరి?"

నిదానానికి ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి.

మర్నాడు ఆమె గైడు గారి గదికి వెళ్లి, రాసిన పేరా ఆయన బల్లమీద పెట్టి, వ్యాసం వెనక్కి తీసుకుంటానని చెప్పింది. ఆయన గొంతు పెంచలేదు. "నీ ఇష్టం" అని మాత్రం అన్నారు. తర్వాత రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు కిందికి వచ్చి, మామయ్య పక్కన నిలబడి, ఒక కాగితం ఆమె చేతిలో పెట్టారు. పత్రికకు రాసిన ఉత్తరం. వ్యాసం ఉపసంహరించుకుంటున్నాం, చెమటలో పరీక్షించాలన్న ఆలోచన విద్యార్థికి రాకపోవడం పొరపాటైతే, గైడుగా నాకు రాకపోవడం అంతకంటే పెద్ద పొరపాటు, అని రాసి ఉంది. అడుగున మొదటి సంతకం ఆయనదే.

"పేరా బానే రాశావులే," అన్నారు వెళ్తూ వెళ్తూ. "అంత బాగుందనే భయమేసింది నాకు."

నిధులు సగానికి కోత పడ్డాయి. జోస్యుడు ఆ సంగతి ముందే చెప్పాడు.

టైలరక్కకు నిజం చెప్పడానికి నిదానం మళ్లీ ఆ రేకుల కొట్టుకు వెళ్లింది. దారి పొడవునా మాటలు కూడబలుక్కుంది. అక్కడికెళ్లాక అవన్నీ వదిలేసి సూటిగా చెప్పేసింది.

"తప్పు సెన్సర్‌దేనక్కా. చెమటలో అది తక్కువ చూపించింది. నేను దాన్నే నమ్మాను. మీరు చెప్పింది నమ్మలేదు."

టైలరక్క ఇస్త్రీ చేస్తున్న చొక్కా మడత పెట్టింది. ఇంకోటి తీసింది. అదీ మడత పెట్టింది.

"మొదటి వారమే నమ్ముంటే నాకీ మూడు వారాలు పోయేవి కావు. కొలతలకి పోలేక రెండు స్కూళ్ల పని వేరేవాళ్లకి వెళ్లిపోయింది. తెలుసా?"

"తెలీదు."

"ఇప్పుడు తెలిసిందిగా." చొక్కా కాలరు మీద పెట్టెను గట్టిగా నొక్కింది. "వెళ్లిరా."

నిదానం వెళ్లిపోయింది. ఫోను చెయ్యాలని చాలాసార్లు అనుకుంది. చేసి ఏం అడగాలో తోచక మానేసింది.

రెండు నెలలు ఆమె సెన్సర్‌లోకి తడి పోకుండా చెయ్యడానికి తంటాలు పడింది. రబ్బరు పూత పూసింది, నాలుగు వేల అడుగులకు పగిలింది. జిగురు వేసింది, వేడికి కారింది. ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసింది, అది మడతపడి ఆ మడతే కాలికి గుచ్చుకునేట్టు తయారైంది. మామయ్య మాత్రం తడిగుడ్డలు చుట్టుకుని జ్వరమొచ్చినవాడిలా నిలబడి ఉండేవాడు.

ఒక మంగళవారం పదింటికి తలుపు తెరుచుకుంది. టైలరక్క. రెండు కాళ్ల మీదా నడిచే వచ్చింది. నిదానం లేచి నిలబడింది.

"అట్టా చూడకు. నీ మీద కోపం పోయి రాలేదు," అంది టైలరక్క కుర్చీ లాక్కుంటూ. "ఈసారి దీన్ని ఎవరి కాలికి పెడతావోనని వచ్చా. నాకైతే మంట తెలుస్తుంది, చెప్పగలను. షుగరుతో కాలు పోయినవాళ్లకి స్పర్శే ఉండదు. వాళ్లు నీ పచ్చరంగు చూసుకుని నడుస్తూనే ఉంటారు."

పగిలిన రబ్బరు ముక్కలూ, ముడుచుకుపోయిన సంచులూ చూసి పెదవి విరిచింది. చెమటను లోపలికి రాకుండా ఆపుదామని చూస్తున్నావు, అది ఆగదు, పోవడానికి దారివ్వాలి అంది. జాకెట్ చంకలో వేసే అదనపు గుడ్డలాగా, సెన్సర్ పక్కన వలలాంటి గుడ్డ ఒకటి పెట్టి చూడమంది. నిదానం పెట్టి చూసింది. గుడ్డ జరిగిపోయింది. రెండోసారి కుట్టి చూశారు, కుట్టే ఒరుసుకుంది. మూడోసారి టైలరక్క కుట్టు లేకుండా వేడితో అంటించమంది. అంటించారు గానీ తడి ఒకవైపే చేరి నిలిచింది. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని మాటామాటా అనుకున్నారు.

"గుడ్డ గురించి నీకేం తెలుసమ్మాయ్?"

"ఒత్తిడి గురించి మీకేం తెలుసక్కా?"

"నాకా? ఏడేళ్ల నుంచీ దాని మీదే నిలబడ్డా!"

జోస్యుడు తన పళ్లాల వెనక తల దాచుకుని నవ్వాడు.

ఎనిమిదో నెలలో, తేనెపట్టు గళ్లలాంటి మెత్తటి అల్లికతో, పల్చటి రబ్బరు పూతతో చేసింది ఒకటి కుదిరింది. తడిలో, వేడిలో, ఆరు గంటల దాకా లెక్క పదో వంతు కంటే ఎక్కువ తప్పలేదు. ఆరు గంటలు దాటితే అదీ జారుతుంది. ఆ మాట పెద్ద అక్షరాలతో మొదటి పేజీలోనే రాసింది నిదానం. ఆరో గంటకు ఫోను దానంతటదే రంగులు తీసేసి, తొడుగు విప్పి తుడుచుకోమని చెప్పేట్టు చేసింది.

ఇంకొకటి కూడా చేసింది. ఫోనులో కాలు బొమ్మ పక్కన ఒక మీట పెట్టింది: "నొప్పిగా ఉంది". వేసుకున్న మనిషి అది నొక్కితే, సెన్సర్ ఏం చెప్పినా సరే, తెర మీద ఆకుపచ్చ పోతుంది. గైడు గారు ముఖం చిట్లించారు.

"ఇందులో ఇంజినీరింగ్ ఏముంది?"

"మనిషి కూడా ఒక సెన్సరే కదా సార్. మన దగ్గరున్న వాటిలో అదొక్కటే చెమటకు చెడిపోలేదు."

ఆయన ఆలోచించి, సరే ఉంచమన్నారు.

థీసిస్‌లో మూడో అధ్యాయానికి ఆమె పెట్టిన శీర్షిక: పనిచేయని సెన్సర్. చివరి పరీక్షకు వేరే ఊరి నుంచి వచ్చిన ఆచార్యులొకరు మిగతా అధ్యాయాలన్నీ గబగబా తిప్పేసి ఆ అధ్యాయం దగ్గరే గంటసేపు కూర్చున్నారు. అడిగిన ప్రశ్న మళ్లీ అడక్కుండా ఎన్నో ప్రశ్నలు వేసి, చివర్లో మాత్రం, "మా విద్యార్థులకు ఇది చదివించవచ్చా?" అన్నారు. నిదానం టైలరక్కను రమ్మని పిలిచింది గానీ ఆవిడ రాలేదు. పోయిన రెండు స్కూళ్లలో ఒకటి తిరిగి వచ్చింది, ఆ రోజే కొలతలు తీసుకోవాలట. అమ్మ మాత్రం యూనిఫారంలోనే వచ్చి వెనక వరసలో కూర్చుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా కళ్లు తిప్పలేదు. బయటికొచ్చాక, "ఆ బట్టతలాయన నిన్నెందుకే అన్ని ప్రశ్నలు వేశాడు?" అని కోప్పడింది.

ఇప్పుడు నిదానం ఆ ల్యాబులోనే ఉద్యోగం చేస్తోంది. వారానికి రెండు రోజులు పెట్టుడు కాళ్లు తయారుచేసే కేంద్రానికి వెళ్లి కూర్చుంటుంది. ఆ తొడుగు పదకొండు మంది వాడుతున్నారు. అందులో ఇద్దరు వారం వాడి అలమరలో పెట్టేశారు, తుడుచుకోమని అది పోరు పెడుతోందట. మిగిలిన తొమ్మిదిమందిలో ఏడాదిగా ఎవరికీ పెద్ద పుండు పడలేదు. తొమ్మిదిమంది చాలా తక్కువ, దీన్ని బట్టి ఏమీ తేల్చలేమని ఆమే అందరికంటే ముందు చెబుతుంది. ల్యాబులో కొత్తగా చేరేవాళ్లను మొదటి నెల మామయ్య దగ్గరికి రానివ్వదు. పెట్టుడు కాలు వేసుకునేవాళ్ల ఇళ్లకు, పనిచేసే చోట్లకు పంపుతుంది, మధ్యాహ్నం పూటే వెళ్లమంటుంది.

మొన్న రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన మొదటి వారంలోనే నొప్పి మీట పద్నాలుగు సార్లు నొక్కాడు. సెన్సర్ల లెక్క మాత్రం ఒత్తిడి తక్కువేనంటోంది. చేరి మూడు వారాలైన కొత్త అమ్మాయి, "ఊరికే నొక్కుతున్నాడేమో అక్కా" అంది.

నిదానం సంచి తీసుకుని బయల్దేరింది. ఆ అమ్మాయినీ వెంట తీసుకెళ్లింది. పెద్దాయన వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు. ఆమె నేల మీద కూర్చుని, కాలు చూసింది, సాకెట్ చూసింది, ఆయన్ని నాలుగడుగులు నడవమంది. చివరికి చెప్పులు విప్పించి రెండూ పక్కపక్కన పెట్టింది. కొత్త చెప్పులు. పాతవాటి కంటే మడమ వేలెడు ఎత్తు. పెట్టుడు పాదం పాత ఎత్తుకే బిగించి ఉండటంతో, సెన్సర్లు లేని మోకాలు అడుగడుగునా ముందుకు తోసుకుపోతోంది.

"కూతురు కొనిచ్చిందమ్మా," అన్నాడాయన బిక్కమొహంతో. "వేసుకోకపోతే బాధపడుతుందని..."

"వేసుకోండి బాబాయ్. మడమ కాస్త కోయించి ఇస్తాను. అంతవరకూ పాతవే వేసుకోండి," అంది నిదానం. చెప్పుల గురించి ముందే అడగాలని పుస్తకంలో రాసుకుని, కొత్త అమ్మాయి వైపు తిరిగి, మడమ ఎత్తు కొలవడానికి స్కేలు తీయమంది.